సున్నపు రాళ్ళలో నీలి పూలు

హిమాలయాల్లో పూసే పువ్వు పెరట్లో పూస్తే ఎంత బాగుంటుంది! అది మన ఎండల్లో బతకదు. కానీ ఆ పువ్వుకు కావలసిన రాతి పరుపు మాత్రం పల్నాడులో పుష్కలంగా ఉంది. దాని మీద పూయడానికి తగిన మొక్కా ఇక్కడే ఉంది. ఎటొచ్చీ దాన్ని ఇంటికి పిలిచేవాళ్ళే తక్కువ!

నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారి మీద పిడుగురాళ్ల దగ్గర పడుతోందనడానికి మైలురాయితో పనిలేదు. దారి పక్క చెట్లే చెబుతాయి. ఆకుల మీద తెల్లటి పొడి, గోడల మీద తెల్లటి పొడి, లారీల టార్పాలిన్ల మీదా అదే పొడి. సున్నపు బట్టీల ఊరు ఇది. 'లైమ్ సిటీ' అని ముద్దుపేరు కూడా ఉంది. గుంటూరు జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు పటం మారింది గానీ ఊరి బతుకుతెరువు మారలేదు. రాయిని తవ్వడం, కాల్చడం, కోయడం... ఇవే ఇక్కడి పనులు.

ఊరి పేరులోనే ఉంది అంతా. పిడుగూ, రాళ్ళూ! ఇక ఇక్కడ పూలెక్కడివి అనుకుంటాం. శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువులు కూడా పల్నాడును రాళ్ళకూ నీటి కరవుకూ ప్రసిద్ధమని ఎత్తిపొడిచినవే. వేసవి వచ్చిందంటే పొరుగునే ఉన్న రెంటచింతల పేరు పత్రికల్లోకి ఎక్కుతుంది, అత్యధిక ఉష్ణోగ్రత అంటూ. ఇలాంటి చోట తోట పెంచాలంటే గుండె ధైర్యం కావాలి.

అయినా పెంచుతారు. మనిషికి ఇల్లు కట్టుకోగానే గుమ్మం పక్కన ఓ పూలమొక్క ఉండాలనిపిస్తుంది. కడియం నర్సరీల నుంచి వచ్చిన గులాబీ, నూరువరహాలు, మందారం ముచ్చటపడి నాటుతారు. మొదటి వానాకాలం బాగానే గడుస్తుంది. ఆ తర్వాత లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకో రెండు బిందెలు పోస్తారు. మొక్క ఇంకా పాలిపోతుంది.

తప్పు నీళ్ళది కాదు, సున్నానిది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందని రూపంలో ఉండిపోతుంది. అందుకే నూరువరహాల లాంటి సుకుమారాలు అందరికంటే ముందు ముఖం వేలాడేస్తాయి. రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లితే పచ్చదనం తిరిగొస్తుంది. కానీ నేల మారదు కాబట్టి మళ్ళీ చల్లాలి. నేలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టేకంటే, ఆ నేలకు నచ్చిన మొక్కను వెతుక్కుంటే?

బ్రహ్మకమలం... అసలుదీ, మనదీ!

నచ్చిన పువ్వు కోసం మనవాళ్ళు ఎంత దూరమైనా వెళతారు. అందుకు బ్రహ్మకమలమే సాక్ష్యం. తెలుగునాట ఏటా ఏదో ఒక ఊళ్ళో, ఎవరో ఒకరి ఇంట్లో రాత్రిపూట బ్రహ్మకమలం విచ్చుకుంటుంది. ఇరుగుపొరుగు టార్చిలైట్లు పట్టుకుని వస్తారు. హారతి ఇస్తారు. మర్నాడు పత్రికలో ఫొటో! హిమాలయాల్లో పూసే దేవతాపుష్పం మన వాకిట్లో పూసిందని ఆ ఇంటివాళ్ళకు ఎంత సంబరమో.

ఆ సంబరాన్ని తగ్గించాలని కాదు గానీ, అది హిమాలయాల మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన ఒక జాతి కాక్టస్. ఆకులా కనిపించే ముక్కను కుండీలో గుచ్చితే చాలు, వేళ్ళూనుకుంటుంది. చెట్ల నీడలో పెరిగే అలవాటు ఉన్నది కాబట్టి మన వరండాల్లో హాయిగా బతుకుతుంది.

అసలు బ్రహ్మకమలం వేరు. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. నాలుగు వేల మీటర్ల ఎత్తు చుట్టుపక్కల, చెట్లన్నవే మొలవని చోట, రాళ్ళ మధ్య పెరుగుతుంది. కేదార్‌నాథ్, బదరీనాథ్ స్వాములకు సమర్పించే పువ్వు అదే. జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. మనం తెల్లటి రేకులనుకునేవి నిజానికి రేకులు కావు, కాగితంలా పలచగా ఉండే ఆకులు. లోపల ఊదా రంగులో ఉండే అసలు పూలను చలిగాలి నుంచి కాపాడటానికి అవి డొప్పలా ముడుచుకుని ఉంటాయి. పువ్వు తన ఇంటిని తానే కట్టుకుందన్నమాట.

దాన్ని పిడుగురాళ్ల తీసుకొస్తే? బతకదు. ఆ ఎత్తుల్లో ఏడాదిలో సగం కాలం మంచు కప్పుకుని పడుకోవడం ఆ మొక్కలకు అలవాటు. అలాంటి చాలా మొక్కల విత్తనాలు కొన్ని వారాలు చలిలో ఉంటే గానీ మేలుకోవు. ఫ్రిజ్‌లో పెట్టి ఆ చలిని కల్పించవచ్చు. మొలకలూ రావచ్చు. కానీ మే నెలలో 45 డిగ్రీల పగటినీ, తెల్లవారుజామున కూడా చల్లబడని రాత్రినీ ఏ ఫ్రిజ్ తప్పిస్తుంది? ఊటీ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న మొక్కలు మైదానంలో వేసవికి ఎందుకు మాడిపోతాయో, ఇదీ అందుకే.

అక్కడా సున్నపురాయే!

అయితే కొండ పువ్వుల కథలో మంచు ఒక్కటే లేదు. రాయి కూడా ఉంది. పల్నాడుకు పనికొచ్చేది ఆ రెండో సగమే.

యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో ఎడెల్‌వైస్ అనే పువ్వుంది. జర్మన్ భాషలో ఆ మాటకు 'ఉదాత్తమైన తెలుపు' అని అర్థం. ఆస్ట్రియా దేశపు రెండు సెంట్ల నాణెం మీద ఉండే పువ్వు అదే. అది ఎక్కువగా సున్నపురాతి కొండల మీద, సుమారు 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో పూస్తుంది. ఒళ్ళంతా తెల్లటి నూగు. ఎండ తీవ్రతనూ గాలి పొడినీ తట్టుకోవడానికి అది కప్పుకున్న కంబళి ఆ నూగు. విచిత్రం ఏమిటంటే, దాన్ని తోటకు తెచ్చి బలమైన మట్టిలో పెట్టి ఎరువు వేస్తే సన్నగా సాగిపోయి, ఆ తెల్లదనమే కోల్పోతుంది. రాళ్ళ మధ్య అర్ధాకలితో ఉంటేనే దానికి అందం!

ఇలాంటి మొక్కల కోసం యూరప్‌లో ప్రత్యేకంగా రాతి తోటలు పుట్టాయి. రాక్ గార్డెన్ అనగానే మనకు 1976లో తెరుచుకున్న చండీగఢ్ తోట గుర్తొస్తుంది. నేక్‌చంద్ పనికిరాని సామానుతో బొమ్మలు చేసి నిలబెట్టిన తోట అది. ఇది అది కాదు. ఇక్కడ రాయి బొమ్మ కాదు, మొక్కకు పరుపు. ఈ పద్ధతికి ఇంగ్లండ్‌లో బాగా ప్రచారం తెచ్చినవాడు రెజినాల్డ్ ఫారర్ (1880-1920). ఆయన పెరిగిన క్లాపం గ్రామం యార్క్‌షైర్‌లోని సున్నపురాతి కొండల్లో ఉంది. 1907లో తన రాతి తోట మీద పుస్తకం రాశాడు. మొక్కల కోసం చైనా, బర్మా కొండలు తిరిగి, బర్మాలోనే చనిపోయాడు. తుపాకీ తూటాల్లో విత్తనాలు కూరి ఎదుటి కొండ చరియ మీదికి పేల్చాడని ఆయన గురించి ఓ ముచ్చట చెప్పుకొంటారు.

రాతి తోట కిటుకు చిన్నదే. మొక్క మొదలు దగ్గర నీరు నిలవకూడదు, వేళ్ళు మాత్రం రాతి సందుల్లోంచి లోతుకు పోయి చల్లటి చోట తేమ వెతుక్కోవాలి. పైన ఎండ, కింద చలువ. చలిదేశమైనా ఎండ దేశమైనా రాళ్ళలో పెరిగే మొక్కకు సూత్రం ఇదే.

ఆ రాయి పిడుగురాళ్లలో కావలసినంత. పల్నాటి సున్నపురాయి ఈనాటిది కాదు. రెండు వేల ఏళ్ళ కిందట అమరావతి స్తూపాన్ని అలంకరించిన శిల్పాలను చెక్కింది ఈ పల్నాటి రాతి మీదే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నూటికి పైగా అమరావతి శిల్పాలూ అవే. మన ఇళ్ళ నేలకు పరిచిన నాపరాళ్ళూ ఆ బంధువర్గమే. ఇక పిడుగురాళ్ల మండలంలోని గుత్తికొండ బిలం సంగతి సరేసరి. ముచుకుందుడి కంటిచూపుకు కాలయవనుడు భస్మమైంది అక్కడేనంటారు. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్ళిపోయాడనీ చెబుతారు. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని సున్నపురాయి పగుళ్ళలోకి దిగి, యుగాల తరబడి కొద్దికొద్దిగా కరిగిస్తే గుహలు ఏర్పడతాయి. అదే నీరు పై పగుళ్ళలో గుప్పెడు మట్టిని చేరిస్తే ఓ మొక్క మొలుస్తుంది.

చవితి నాడు గుర్తొచ్చే మొక్క

ఆ పగుళ్ళలో, గులకనేలల్లో, బీళ్ళలో వానలకు కనిపించే చిన్న మొక్క ఒకటుంది. పేరు విష్ణుక్రాంతం. వినాయక చవితి పూజలో 'విష్ణుక్రాంత పత్రం సమర్పయామి' అని అందరూ చదువుతారు. ఇరవై ఒక్క పత్రుల్లో అదొకటి. కానీ బజారులో కొన్న పత్రిలో అది ఏదో చూపించమంటే చాలామంది తెల్లముఖం వేస్తారు. నీలిపువ్వే కదా అని శంఖుపుష్పం తీగను తెచ్చిపెట్టేవాళ్ళూ ఉన్నారు.

విష్ణుక్రాంతం తీగ కాదు. నేలను అంటిపెట్టుకుని నాలుగు వైపులకూ సన్నటి కొమ్మలు చాచే మొక్క. కొమ్మల మీదా, చిట్టి ఆకుల మీదా పట్టులాంటి నూగు. ఎడెల్‌వైస్ కప్పుకున్న కంబళి లాంటిదే, కాకపోతే ఇది ఎండకు కప్పుకున్నది. పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. కానీ ఆ నీలం! తెల్లవారాక విచ్చుకుని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముడుచుకుపోతుంది. మర్నాడు కొత్త పూలు. వేసవిలో పైన కొమ్మలన్నీ ఎండిపోయి మొక్క చచ్చిపోయిందనిపిస్తుంది. కింద కట్టెబారిన వేరు మాత్రం బతికే ఉంటుంది. తొలకరి పడగానే మళ్ళీ చిగురిస్తుంది. కొండ మీది మొక్క మంచుకాలం నిద్రపోతే, ఇది ఎండాకాలం నిద్రపోతుంది. అంతే తేడా!

నర్సరీల్లో ఈమధ్య నీలిపూల కుండీలు కనిపిస్తున్నాయి. 'బ్లూ డేజ్' అంటారు. అది విష్ణుక్రాంతానికి దక్షిణ అమెరికా చుట్టం. డబ్బిచ్చి చుట్టాన్ని తెచ్చుకుంటూ సొంతబిడ్డను కలుపు అని పీకేస్తున్నామన్నమాట.

దీనికి తోడుగా పెట్టుకోదగ్గవి ఇంకా ఉన్నాయి. పసుపు పూల ముళ్ళగోరింట కంచెకు బాగుంటుంది, మేకలు కూడా జంకుతాయి. బతుకమ్మకు తలమానికమైన తంగేడు సున్నపు నేలలోనూ పచ్చగా నిలుస్తుంది. వానాకాలం చివర తెల్లటి తుమ్మిపూలు శివపూజకు అక్కరకొస్తాయి. ఇక గోడ సందుల్లో తనంతట తానే మొలిచే బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చి స్థిరపడిన అతిథి. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులకు మూలం అదే. అలాగని ఆకు నమలకూడదు, అది విషం.

మడి ఇలా కట్టాలి

రాతి మడికి పెద్ద జాగా అక్కర్లేదు. ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు చాలు. ఇంటికి తూర్పు వైపు అయితే మేలు. పొద్దుటి ఎండ తగిలితేనే పూలు విచ్చుకుంటాయి. మధ్యాహ్నం పడమటి ఎండ రాళ్ళను పెనంలా కాల్చకుండా ఇల్లు అడ్డుంటుంది.

ముందు అడుగున జానెడు మందాన ఇటుక ముక్కలూ పెద్ద రాళ్ళూ పరవాలి. నీరు దిగిపోవడానికి ఇది. దాని మీద రెండు పాళ్ళు సున్నపురాతి చిప్స్, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి కలిపి మోకాలెత్తు దాకా పోయాలి. పశువుల ఎరువు రెండు గుప్పిళ్ళు మించకూడదు. ఇప్పుడు నాపరాతి ముక్కలను పడుకోబెట్టకుండా నిలువుగా, కాస్త వాలుగా, పుస్తకాల బీరువాలో పుస్తకాల్లా వరసగా గుచ్చాలి. మూడింట రెండొంతులు మట్టిలో ఉండాలి. రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ళ సందు. ఆ సందుల్లో అదే మిశ్రమాన్ని కూరి, పైన వేలెడు మందాన చిప్స్ చల్లితే మడి సిద్ధం. ఒకటి రెండు వానలకు కుంగనిచ్చి, అప్పుడు విత్తాలి.

విష్ణుక్రాంతం కాయలు మిరియం గింజంత ఉంటాయి. ఒక్కో కాయలో నాలుగు విత్తనాలకు మించవు. వానాకాలం వెళ్ళాక, ఎండిన కాయలను ఏరి కాగితం పొట్లంలో దాచాలి. విత్తనాల పైపొర గట్టిది. గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, రాత్రంతా నీటిలో నానబెడితే మొలక త్వరగా వస్తుంది. తొలకరి తర్వాత సందుకు రెండు మూడు గింజలు పెట్టి, పైన పలచగా ఇసుక చల్లాలి. మొలిచి నిలదొక్కుకునే దాకా మట్టి ఆరకుండా చూడాలి. ఆ తర్వాత చేయి బిగించాలి. వానలు లేనప్పుడు వారానికి ఒకసారి తడిస్తే చాలు. రోజూ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఎరువు మీద ఎరువు వేస్తే ఆకులు పెరుగుతాయి, పూలు తగ్గుతాయి. అతి గారాబం పనికిరాని మొక్క ఇది.

బట్టీల ఊళ్ళో దుమ్ము ఇంకో బెడద. నూగు ఆకుల మీద సున్నపు పొడి పేరుకుంటే మొక్కకు ఊపిరాడదు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే నీళ్ళు చిలకరించి కడిగితే సరిపోతుంది.

రాయి వేరు, సున్నం వేరు

ఒక్క విషయంలో మాత్రం పొరపడకూడదు. మడికి కావలసింది రాయి, సున్నం కాదు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. వంద కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 56 కిలోలే చేతికొస్తుంది. ఈ పొడిసున్నం నీరు తగలగానే బుసలు కొడుతూ వేడెక్కుతుంది. చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది. మొక్క వేరును బతకనివ్వదు. అందుకని బట్టీ దగ్గర పారబోసిన బూడిదా బెడ్డలూ రాళ్ళలాగే ఉన్నాయి కదా అని తెచ్చి మడిలో వేయకూడదు. కాల్చని రాతి చిప్స్, నాపరాళ్ళ కోతలో మిగిలిన ముక్కలు అయితే నిశ్చింత. పిల్లలున్న ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

మొక్కను కాదు, గింజను తేవాలి

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇది ఇంగ్లండ్ నేర్చుకున్న పాఠం. ఫారర్ లాంటివాళ్ళ పుస్తకాలు చదివి అక్కడ ఇంటింటా రాతి తోట మోజు పుట్టింది. ఆ తోటల్లో పెట్టడానికి వానకు అందంగా అరిగిన సున్నపురాళ్ళు కావాల్సి వచ్చాయి. యార్క్‌షైర్ కొండల మీద సహజంగా పరుచుకున్న రాతి పలకలను పెకలించి లారీలకెత్తారు. ఆ పలకల సందుల్లో యుగాలుగా పూస్తున్న పూలూ ఆ రాళ్ళతోనే పోయాయి. తోటలో కొండను నిలబెట్టబోయి కొండనే ఊడ్చేశారు. చివరకు 1981 నాటి వన్యప్రాణి చట్టంలో ఆ రాతి పలకలను కాపాడటానికి ప్రత్యేకంగా నిబంధన పెట్టాల్సి వచ్చింది.

పల్నాడులో విష్ణుక్రాంతం పెరిగేది పొలంలో కాదు, బంజరులో. ఎవరికీ అక్కర్లేని చోటు కాబట్టే అది అక్కడ బతికింది. కానీ రాయి ఉన్న చోట బంజరుకూ గిరాకీ ఉంటుంది. క్వారీ విస్తరించినా, వెంచరు వేసినా ముందు చదునయ్యేది ఆ నేలే. చెట్టు కొడితే పదిమందికీ కనిపిస్తుంది. జానెడు మొక్క పోతే ఎవరూ లెక్కపెట్టరు. చవితి ముందురోజు వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టినా అంతే.

క్వారీలు మూసేయమనడం తేలికే. వాటి మీద బతికే కుటుంబాలకు ఆ మాట చెప్పడమే కష్టం. తవ్విన రాయి మళ్ళీ కొండ కాదు. కానీ ఆ రాయిలోంచి మిగిలిన ముక్కలతో ఇంటింటా ఓ మడి కడితే, కొండ మీది గింజకు ఊళ్ళో చోటు దొరుకుతుంది. బడి ఆవరణలో, గుడి ప్రహరీ పక్కన, రైల్వేస్టేషన్ ముందు... రెండు మీటర్ల చోటు ఎక్కడైనా ఉంటుంది. అయితే మొక్కను పెకలించి తేకూడదు, కాయలే ఏరాలి. అవీ కొన్నే. మిగతావి ఆ నేలకే వదలాలి. కొండ రాళ్ళను కదపకూడదు, కోతలో మిగిలినవే వాడాలి.

బ్రహ్మకమలం కోసం హిమాలయాలకే వెళ్ళాలి. అది దాని ఇల్లు. ఈ నీలిపువ్వు ఇల్లు మాత్రం ఇక్కడే. వచ్చే చవితికి విష్ణుక్రాంత పత్రం కోసం బజారుకు పరిగెత్తకుండా, పెరటి రాళ్ళ సందులోంచి నాలుగు రెమ్మలు గిల్లుకుంటే వినాయకుడికీ తృప్తే... వేరు మిగిలి, మొక్కకూ తృప్తే!